ఇరవై నిమిషాలు ఎక్కువ తిప్పాను

ఉండి కాలవ గట్టున, మేత కొట్లో
డ్రమ్ము తిప్పే పని నాది.
రొయ్యల మేత గుళికలు పది బస్తాలు,
వాటి మీద తెల్లని మినరల్ పొడి.
మీట నొక్కితే గర్రుమని తిరుగుతుంది.
నా టీ గ్లాసులో కూడా వలయాలు పుడతాయి.

ఆ మంగళవారం కోళ్లపర్రు నుంచి కనకరాజు గారు
బండి ఇంజనైనా ఆపకుండా దిగి
బల్ల మీద రెండు దోసిళ్లు పోశారు.
"ఇది బస్తా పైది. ఇది అడుగుది.
కళ్లున్నాయా?"
ఉన్నాయి.
పైదాంట్లో ఒట్టి గుళికలు.
అడుగుదాంట్లో పాతగోడ సున్నం రాలినట్టు పొడి.
చెరువులో ఒక మూల రొయ్యకి పెంకు గట్టిపడింది,
మిగతా మూడు మూలల్లో ఇంకా మెత్తనే.

సిగ్గేసింది.
మర్నాడు ఇరవై నిమిషాలు ఎక్కువ తిప్పాను.
ఎక్కువ తిప్పితే ఎక్కువ కలుస్తుందని
నాకెవరూ చెప్పలేదు,
చెప్పక్కర్లేదనుకున్నాను.
మూత తీస్తే
గుళికలన్నీ అంచున,
నడిమధ్య పొడి, పొడుగ్గా, తెల్లగా,
అరటి బోదెలో దూటలా.
ఎవరో కూర్చుని ఏరి పెట్టినట్టుంది.
ఎవరూ ఏరలేదు.

బస్తాలు కుట్టే పేరంటాలు నవ్వింది.
చేతిలో దబ్బనం ఆగలేదు.
"ఊపితే కలుత్తాదా ఎక్కడన్నా?
ముప్పయ్యేళ్లు చేట పట్టాను,
ఊపే కదా బియ్యంలోంచి నూకలు తీసింది!
నువ్వు తిప్పేదీ చేటే,
ఇనప చేట."

ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేసుకున్నాను.
కదిలిన ప్రతిసారీ గింజల మధ్య
ఒక్క క్షణం సందు తెరుచుకుంటుంది.
ఆ సందులో చిన్నది జారుతుంది.
పెద్దది దిగాలంటే
కింద చిన్నవి పది ఒక్కసారే తప్పుకోవాలి,
అవెందుకు తప్పుకుంటాయి?
కాబట్టి పెద్దది పైకి తేలడం గొప్పా కాదు,
చిన్నది అడుక్కి పోవడం చేతకానితనమూ కాదు.
సందు దొరికింది, అంతే.

అయినా అదొక్కటే కారణమని ఒట్టు పెట్టను.
మా ఇంట్లో మిక్చరు డబ్బా
ఎంత ఊపినా పైనే ఉండే వేరుశనగ గింజ,
పళ్లెంలో కుప్ప పోస్తే
దొర్లుకుంటూ పాదం దగ్గరికి పరుగెడుతుంది.
నడుమ మిగిలేది కారప్పొడి.
పైనా కిందా అనేవి కూడా
ఎలా పోశామన్న దాన్నిబట్టే.

గోదారి కూడా చేట పట్టిందేగా.
కొండల్లో బండా గులకా ఇసకా ఒండ్రూ ఒక్క మూట.
బండల్ని మన్యంలోనే దింపేసి,
గులకని దారిలో వదిలి,
ఇసకని ధవళేశ్వరం చుట్టుపక్కల పోసి
మాకు మెత్తని ఒండ్రు తెచ్చిచ్చింది.
అది సందుల లెక్క కాదు,
నీటి అలసట లెక్క.
మావిడికాయ కొట్టడానికి మా పిల్లాడికి రాయి కావాలంటే
రైలు కట్ట దాకా పోవాలి.

పొద్దున్నే అడిగాను పేరంటాల్ని,
మరి కలపడం ఎలాగా అని.
"పులిహోరలో ఇంగువ అడుక్కి దిగుద్దా?"
అంది, దారం పళ్లతో తెంపుతూ.
"నూనె పట్టించు.
పొడిగా ఉన్నంతసేపే ఎవడి దారి వాడిది."

గుళికలకి చేప నూనె పట్టించి
పొడి చల్లి
ఎనిమిది నిమిషాలు.
ఆపడమే కష్టం. చెయ్యి ఇంకో తిప్పు అడుగుతుంది.

ఆటో గోతుల్లో ఎగిరెగిరి పడుతూ పోయింది,
దారంతా చెరుగుతూ.
శుక్రవారం కనకరాజు గారు మళ్లీ రెండు దోసిళ్లు పోశారు.
పైదీ అడుగుదీ పక్కపక్కనే,
ఏది ఏదో నేను చెప్పలేకపోయాను.
ఆయనా చెప్పలేకపోయారు.
వాసన చూసి, చెయ్యి పంచెకి తుడుచుకుని
వెళ్లిపోయారు.
పాత బాకీ మాట ఎత్తలేదు.